సదరం పరీక్షకు మా తమ్ముణ్ణి రెండోసారి తీసుకెళ్లే ముందు నేను చేసిన పనులు

మాది కందుకూరు దగ్గర పల్లె. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మ వాడికి తలంటి, ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది. "పనికి వెళ్తాడా?" అని డాక్టరు అడిగితే నాన్న వెంటనే "వస్తాడండీ, పొగాకు సీజన్‌లో బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర నాతోనే ఉంటాడు" అన్నాడు. వాడు "అంతా బాగుంది" అన్నాడు. ధ్రువపత్రంలో శాతం 40కి తక్కువ వచ్చింది, పింఛనుకు అర్హత లేదన్నారు. అక్కడ మేం కావాలని ఒక్క అబద్ధమూ చెప్పలేదు. కానీ బయటివాళ్ల ముందు జబ్బును దాచిపెట్టడం మాకు ఎప్పటినుంచో అలవాటు. ఆ అలవాటునే డాక్టరు గదిలోకీ తీసుకెళ్లాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే, స్లాటు కోసం సచివాలయానికో మీసేవకో వెళ్లే ముందే ఇది చదవండి. ఆధార్, ఫోను నంబరు ఉంటే స్లాటు పని అక్కడి సిబ్బంది చేసిపెడతారు. అసలు కష్టం తర్వాత ఉంది.

మానసిక జబ్బు వల్ల కలిగే వైకల్యాన్ని కొలవడానికి డాక్టర్లు వాడే పద్ధతిని ఐడియాస్ అంటారు. అందులో నాలుగు విషయాలు చూస్తారు: తన ఒంటి సంగతి తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాటను అర్థం చేసుకుని బదులివ్వడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. ఇబ్బంది ఎక్కువైతే మార్కులూ ఎక్కువే. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి విడిగా ఇంకో 4 వరకు ఉంటాయి. మొత్తం 20. ఈ సంగతి మొదటిసారి మాకు తెలియదు.

ఏళ్లకు మార్కులు ఉన్నాయి కాబట్టి పాత చీటీలు వెతకండి. మా వాడికి జబ్బు మొదలై తొమ్మిదేళ్లు. మేం తీసుకెళ్లింది మాత్రం చివరి మూడేళ్ల చీటీలే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు జబ్బుకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3. ఒక మార్కు అక్కడే పోయింది. రెండోసారి ఇల్లంతా గాలిస్తే నెల్లూరు పొగతోటలో మొదట చూపించిన డాక్టరు చీటీ నాన్న ట్రంకుపెట్టెలో, పొలం కాగితాల కింద దొరికింది. చీటీలు, డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు తేదీల వరుసలో పెట్టి ఫైలు కట్టండి. అన్నిటికీ జిరాక్సులు తీయించి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది నోటుపుస్తకం. పరీక్షకు నెల ముందు నుంచి ప్రతి రాత్రి రెండు మూడు వాక్యాలు రాశాను. "సరిగా ఉండడు", "పిచ్చిగా చేస్తాడు" లాంటి మాటల వల్ల డాక్టరుకు ఏమీ తెలియదు. జరిగింది జరిగినట్టు రాయాలి. నా పుస్తకంలో ఉన్నవి ఇలాంటివి: "స్నానం చేసి ఐదు రోజులు. అమ్మ నాలుగుసార్లు చెప్పాక నీళ్లు పోసుకున్నాడు, సబ్బు ముట్టలేదు." "పిన్ని వస్తే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు, రాత్రి దాకా తీయలేదు." "కర్రలకు పొగాకు కట్టడానికి వచ్చి, పది కర్రలు కట్టి, చెప్పకుండా వెళ్లిపోయాడు." ఆ సీజన్ మొత్తం లెక్క వేస్తే నలభై రోజుల్లో వాడు వచ్చింది ఆరు రోజులు. "నాతోనే ఉంటాడు" అని నాన్న అన్నదాని వెనుక ఉన్న నిజం అది. ఆ లెక్క చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

నెల పూర్తయ్యాక పుస్తకంలోంచి ముఖ్యమైనవి ఏరి, ఆ నాలుగు విషయాల కింద ఒకే పేజీకి కుదించండి. శిబిరంలో జనం ఎక్కువ, మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ పేజీ ముందుగా డాక్టరు చేతికివ్వండి.

పరీక్ష రోజున మందులు మానిపించమని మా ఊళ్లో ఒకాయన సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. మందు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మళ్లీ కుదుటపడటానికి నెలలు పట్టవచ్చు. ఏం చెప్పాలో నేర్పించడమూ వద్దు, లేనిది కల్పించడమూ వద్దు. రోజూ వేసుకునే బట్టలతో, రోజూ ఉండే తీరులోనే తీసుకెళ్లండి.

వెంట వెళ్లేది వాళ్లతో ఒకే ఇంట్లో ఉండే మనిషి కావాలి. ఈసారి నేనూ అమ్మా వెళ్లాం. తెల్లవారుజామున బస్సెక్కి, పెరుగన్నం, నీళ్లసీసా, మధ్యాహ్నం మాత్ర సంచిలో పెట్టుకున్నాం. జనం గోల వాడికి పడదని, పేరు పిలిచేదాకా ఆవరణలో చెట్టు కింద కూర్చోబెట్టాను.

లోపల ముందు వాణ్ణే మాట్లాడనిచ్చాం. తేదీ, వారం అడిగారు, చిన్న లెక్క చేయమన్నారు, చెవిలో మాటలు వినిపిస్తాయా అన్నారు. మధ్యలో అందించాలని నోటిదాకా వస్తుంది. ఆపుకోండి, తడబాటు కూడా డాక్టరుకు కనబడాలి. తర్వాత "సార్, ఒక్క నిమిషం విడిగా చెప్పవచ్చా?" అని అడిగాను. వాడి ముందు చెప్పి వాణ్ణి చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. మీరూ అలాగే అడగండి.

ఈసారి 40 శాతం దాటింది. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకు 6000 రూపాయలు ఒకటో తారీకున ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మీకు వచ్చిన శాతం తప్పు అనిపిస్తే అప్పీలుకు వెళ్లే హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. ఈ తిరుగుడులో మీ మనసే బరువెక్కితే మానసిక ఇబ్బందుల్లో ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఉచితం. తెలుగులో మాట్లాడతారు.

ధ్రువపత్రం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది చేతికి రాగానే చూసుకోండి. మాది తాత్కాలికం, మళ్లీ పరీక్ష ఉంటుంది. అందుకని పుస్తకం ఆపలేదు. నిన్న రాత్రి రాసింది: "ఎవరూ చెప్పకుండానే స్నానం చేశాడు. సబ్బు వాడాడు."