అలవెర్ది మఠం వైన్: నేలలో పాతిన బానతో పని

జార్జియా దేశంలోని కాఖేతి ప్రాంతంలో ఉన్న అలవెర్ది మఠం 6వ శతాబ్దం నాటిది. అక్కడి వైన్ సీసాల మీద ‘1011 నుంచి’ అన్న మాట కనిపిస్తుంది. పద్ధతి మాత్రం కాఖేతి అంతటా వాడేదే. అడుగు కోసుగా ఉండే మట్టి బానను మూతిదాకా పాతిపెట్టి, రసాన్నీ పిప్పినీ కలిపి అందులోనే పులియబెడతారు. ఆ బానను క్వెవ్రీ అంటారు. 2013లో యునెస్కో ఈ విధానాన్ని వారసత్వ జాబితాకెక్కించింది. బయటి ఈస్ట్ గానీ పంచదార గానీ వేయరు కాబట్టి, తప్పు జరిగితే దిద్దుకునే దారి తక్కువ.

ముందు బాన సంగతి. కొత్తదాన్ని వేడిగా ఉన్నప్పుడే లోపల తేనెమైనం పూయాలి. మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకాలి తప్ప పైన పొరలా నిలవకూడదు. మందంగా పూస్తే పెచ్చులూడి, వాటి కింద బూజు చేరుతుంది. వాడిన బానను వేడినీళ్లతో, సున్నపు నీళ్లతో, చెర్రీ బెరడు బిళ్లలు గుచ్చిన పొడవాటి కర్రతో రుద్ది కడుగుతారు. తోడిన నీళ్లు పోసినంత తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. తర్వాత గంధకం కాల్చి పొగ పెట్టి, నింపే ముందు మళ్లీ కడగాలి. ముక్కవాసన పోని బానను వదులుకోవడమే మేలు. అందులో పోసిందంతా పాడవుతుంది.

కోత సెప్టెంబర్ చివర మొదలవుతుంది. తెల్లవైన్‌కి ర్కాత్సితేలి, కిసి, ఎర్రదానికి సాపెరావి అనే ద్రాక్ష రకాలు. తీపి 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో పంచదార శాతాన్ని చెప్పే కొలత) ఉంటే ఆల్కహాల్ 12 నుంచి 13 శాతం దాకా వస్తుంది. కాడలు కూడా వేసేటట్టయితే అవి గోధుమరంగుకి తిరిగి ఉండాలి. పచ్చికాడ వేస్తే వైన్‌లో పచ్చి ఆకు వగరు దిగుతుంది, ఎన్నాళ్లు నిలవబెట్టినా పోదు.

ద్రాక్షను కొయ్యతొట్టిలో కాళ్లతో తొక్కి, రసంతోపాటు పిప్పినంతా బానలో పోస్తారు. 1,000 లీటర్ల బానలో 800 లీటర్లకు మించి పోయకూడదు. అంటే దాదాపు 850 కిలోల పండు. పొంగు వచ్చినప్పుడు మిగతా చోటంతా కావాలి.

ఒకటి రెండు రోజుల్లో పులియడం మొదలై తొక్కలు పైకి తేలి గట్టి పొరగా కడతాయి. ఆ పొరను రోజుకు నాలుగైదుసార్లు, రాత్రి కూడా, కర్రతో లోపలికి ముంచాలి. పైభాగం ఆరిందా, గాలి సోకి వెనిగర్ సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. గోళ్లరంగు వాసన వచ్చిందంటే అదే. ముంచడం వల్ల లోపలి వేడి కూడా సర్దుకుంటుంది. చుట్టూ ఉన్న నేల చల్లదనం సాయపడుతుంది గానీ, పెద్ద బానల్లో అది చాలదు. 35 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చి, తీపి మిగిలిపోయి పులియడం ఆగిపోతుంది.

ఇక్కడొక హెచ్చరిక. పులిసే బాన మీదికి ముఖం వంచకండి, ఖాళీ చేసిన బానలోకి వెంటనే దిగకండి. కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటుంది. పాతబావిలోకి దిగేముందు దీపం దించి చూసినట్టు చూడొచ్చు; కానీ దీపం వెలిగినంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. ఫ్యాన్‌తో గాలి ఆడించి, పైన ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి.

రెండు నుంచి నాలుగు వారాలకు పులియడం ఆగి పిప్పి దిగుతుంది. అడుగు కోసుగా ఉండటం వల్ల ముందు గింజలు కొసలోకి చేరతాయి, వాటిమీద మడ్డి కప్పుకుంటుంది, ఆపైన తొక్కలు. గింజల చేదు వైన్‌లోకి ఎక్కువగా దిగకపోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు అదే రకం వైన్‌తో బానను నిండా నింపాలి. ముందు మూత వదులుగా ఉంచి, బుడగలు పూర్తిగా ఆగాక తడిబంకమట్టితో రాతిమూత బిగించి, పైన తడి ఇసుక కప్పాలి. చలికాలమంతా ఆ ఇసుక ఆరకుండా చూడాలి. మట్టి బీటలిస్తే గాలి దూరుతుంది.

మార్చి, ఏప్రిల్‌లలో మూత తీసి, తేటను మడ్డి కదలకుండా పైనుంచి తోడి శుభ్రమైన ఇంకో బానలోకి మార్చాలి. మిగిలిన పిప్పిని బట్టీ పెట్టి చాచా అనే సారా దించుతారు.