ఎస్‌యూవీ జెనాన్ లైట్లు ఎదుటోళ్ల కళ్లలో కొట్టకుండా సెట్ చేసుకోవడం ఎలా

మీరు లో బీమ్‌లోనే వెళ్తున్నారు, అయినా ఎదురుగా వచ్చే బళ్లు మాటిమాటికీ డిప్పర్ కొడుతున్నాయంటే వాళ్ల మీద విసుక్కోకండి, మీ లైటు వాళ్ల కళ్లలో పడుతోందని చెప్తున్నారు అంతే. డ్రైవర్ సీట్లోంచి చూస్తే మనకి ఇది అస్సలు తెలీదు, రోడ్డు బ్రహ్మాండంగా కనిపిస్తుంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. ఎదుటి కారులో ఉన్నాయనకి మాత్రం ఆ రెండు మూడు సెకన్లు రోడ్డే కనపడదు, పైగా వయసు మీద పడిన వాళ్లకి కళ్లు మళ్లీ సర్దుకోడానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది. ఆ గ్యాప్‌లో రోడ్డు పక్కన ఎవరైనా నడుస్తుంటే ఏంటి పరిస్థితి, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

తప్పు జెనాన్‌ది కాదు, అది ముందు చెప్పుకోవాలి. మామూలు హెచ్7 హాలోజెన్ బల్బు 55 వాట్లు తీసుకుని సుమారు 1500 ల్యూమెన్ల (వెలుగు కొలత) వెలుగు ఇస్తే డీ2ఎస్ జెనాన్ 35 వాట్లకే 3200 దాకా ఇస్తుంది, అంటే రెట్టింపు పైనే. 1991లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌తో రోడ్డెక్కినప్పటి నుంచీ ఉన్న టెక్నాలజీ ఇది, సరిగ్గా కిందకి దించి పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వెలుగు అంత ఎక్కువ కాబట్టి కొంచెం పైకి లేచినా దెబ్బ గట్టిగా తగులుతుంది, ఎస్‌యూవీలో అయితే లైటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

ముందుగా చూడాల్సింది మీ బండిలో జెనాన్ కంపెనీ నుంచి వచ్చిందా, తర్వాత ఎవరైనా కిట్ పెట్టారా అని, సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. హాలోజెన్ బల్బు కోసం చేసిన డోమ్‌లో (హెడ్‌లైట్ గూడులో) జెనాన్ కిట్ ఎక్కించి ఉంటే మిగతా ఏ సెట్టింగూ పనికిరాదు. ఎందుకంటే హెచ్4 లాంటి బల్బులో లో బీమ్ ఫిలమెంట్ (వెలిగే సన్నటి తీగ) కింద చిన్న లోహపు కప్పు ఉంటుంది, ఫిలమెంట్ ఫలానా చోట ఫలానా సైజులో ఉంటుందన్న లెక్కతోనే వెనకుండే రిఫ్లెక్టర్ (వెలుగుని ముందుకి పంపే అద్దం లాంటి గిన్నె) వంపు తయారవుతుంది, జెనాన్‌లో ఫిలమెంటే లేదు, గ్యాస్‌లో వెలిగే ఆర్క్, దాని ఆకారం వేరు, చోటు వేరు, దాంతో వెలుగు నానా దిక్కులకీ చెదురుతుంది. స్క్రూ తిప్పి కిందకి దించినా చెదిరేది చెదురుతూనే ఉంటుంది, మీకేమో దూరం కనపడటం తగ్గిపోతుంది. అలాంటి కిట్ ఉంటే తీసేసి మంచి హాలోజెన్ బల్బే పెట్టుకోండి, లేదంటే ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చే జెనాన్ హెడ్‌లైట్ అసెంబ్లీని, బరువుని బట్టి లైటుని పైకీ కిందకీ సర్దే లెవలింగ్ సిస్టమ్‌తో సహా మార్పించుకోండి, మధ్యే మార్గం లేదు ఇందులో.

కంపెనీ జెనాన్ అయినా బల్బు మార్చేటప్పుడు కోడ్ చూసుకోవాలి. డీ2ఎస్ ప్రొజెక్టర్‌కి (ముందు గుండ్రటి లెన్స్ ఉండే లైటు), డీ2ఆర్ రిఫ్లెక్టర్‌కి, డీ2ఆర్ గాజు మీద కొంత భాగం నల్లగా కప్పి ఉంటుంది, పైకి పోయే వెలుగుని ఆపేది అదే. దాని చోట ఎలాగోలా డీ2ఎస్ ఇరికిస్తే ఎదుటోళ్ల కళ్లలో కొట్టడం ఖాయం. ఇంకోటి, నీలంగా కనపడాలని 8000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) బల్బులు వేయించుకుంటారు, దానివల్ల మీకు వెలుగు తగ్గుతుంది, ఎదుటివాళ్లకి చిరాకు పెరుగుతుంది, ఒరిజినల్ జెనాన్ 4300 కెల్విన్ దగ్గర ఉంటుంది, దాంట్లోనే ఉండండి. బల్బులు పాతబడి గులాబీ రంగుకి తిరిగితే రెండూ ఒకేసారి మార్పించండి. బల్బు, దానికి కరెంటిచ్చే బ్యాలస్ట్ జోలికి మీరే వెళ్లొద్దు, వెలిగే క్షణంలో అక్కడ 20,000 వోల్టుల పైన ఉంటుంది, మెకానిక్‌కి వదిలేయండి.

ఇప్పుడు అసలు పని, గోడ టెస్టు. సాయంత్రం చీకటి పడ్డాక, సమతలంగా ఉన్న నేల, ఎదురుగా లేత రంగు గోడ, ఇవి దొరికితే చాలు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టండి, ట్యాంకు సగం ఉండనివ్వండి, వెనక సామాన్లుంటే దించేయండి, డ్రైవర్ సీట్లో ఒకళ్లు కూర్చోవాలి. మాన్యువల్ లెవలింగ్ చక్రం ఉంటే దాన్ని 0 మీద పెట్టండి. బండిని గోడకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో తిన్నగా నిలబెట్టి, హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి, గోడ మీద అదే ఎత్తులో ఒక గీత పెట్టండి. లో బీమ్ వేస్తే గోడ మీద పైన చీకటి కింద వెలుగుగా స్పష్టమైన అంచు కనిపిస్తుంది, దాన్నే కటాఫ్ అంటారు, ఆ అంచు ఈ గీతకి ఎంత కింద ఉందన్నదే మొత్తం వ్యవహారం.

10 మీటర్లకి 10 సెంటీమీటర్లు కిందకి ఉంటే 1 శాతం వాలు అంటారు, చాలా కార్లకి అదే సరిపోతుంది. కానీ ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 48 చూస్తే లైటు ఎత్తుని బట్టి వాలు మారుతుంది, లైటు 80 సెంటీమీటర్లకి లోపుంటే 1 నుంచి 1.5 శాతం, మీటరు దాటితే 1.5 నుంచి 2 శాతం, మధ్యలో ఉంటే ఈ రెంటిలో ఏదైనా తయారీదారు పెట్టుకోవచ్చు. ఎస్‌యూవీలు ఎక్కువ ఈ మధ్య కోవలోనో పై కోవలోనో పడతాయి. మీ బండికి ఎంత అన్నది హెడ్‌లైట్ దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది, చూసి అదే పెట్టండి, రెండు విలువలకి వీలుంటే లైటుని ఎక్కువ కిందకి దించేదే పెట్టమంటాను నేను. లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి 1.5 శాతం పెడితే వెలుగు 60 మీటర్ల దాకా నేలని తాకుతుంది, గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో పొడి రోడ్డు మీద ఆగడానికి అది సరిపోతుంది, ఇంకా స్పీడుగా వెళ్లాలంటే ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ ఉండనే ఉంది.

హెడ్‌లైట్ వెనక రెండు అడ్జస్ట్ స్క్రూలు ఉంటాయి, ఒకటి పైకీ కిందకీ, ఇంకోటి పక్కలకి. పక్కలది ముట్టుకోకండి. ఒక లైటుకి గుడ్డ కప్పి రెండోది చూసుకుంటూ కొద్దికొద్దిగా తిప్పండి, ఒక్కో లైటూ విడిగా. కటాఫ్ ఒకవైపు కొంచెం పైకి లేచి ఉంటుంది, అది లోపం కాదు, ఎడమవైపు నడిచే దేశాల్లో ఎడమకి లేస్తుంది, కుడివైపు నడిచే చోట కుడికి, రోడ్డు పక్క బోర్డులూ మనుషులూ కనపడాలని. మీ బండిలో అది ఎదురొచ్చే వాహనాల వైపు లేస్తుంటే మాత్రం హెడ్‌లైట్ వేరే దేశానికి చేసినది, ఎంత దించినా లాభం లేదు, మార్చాల్సిందే.

సరిగ్గా పెట్టాం కదా అని వదిలేస్తే కుదరదు, లోడ్ సంగతుంది, నా లెక్కలో ఎస్‌యూవీలకి అసలు సమస్య ఇదే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2.7 మీటర్లు అనుకోండి, వెనక ముగ్గురెక్కి సామాను పెడితే వెనక భాగం 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి, లైటు దాదాపు 1.85 శాతం పైకి లేస్తుంది. మీరు పెట్టిన 1 శాతం వాలు పోయి ఇంకా 0.85 పైకి అయింది, అంటే 95 సెంటీమీటర్ల నుంచి బయల్దేరిన కటాఫ్ 50 మీటర్ల దూరంలో 1.37 మీటర్ల ఎత్తుకి చేరుతుంది, ఎదుటి కారు డ్రైవర్ కళ్లు దానికి కిందే ఉంటాయి, అంటే వెలుగంతా ఆయన మొహం మీదే. దీనికోసమే 2000 ల్యూమెన్లు దాటిన లైట్లకి ఆటో లెవలింగ్, లెన్స్ కడిగే ఏర్పాటు ఉండాలని ఆ నిబంధన 48లో ఏళ్ల తరబడి ఉంది, అమెరికా రూల్సులో మాత్రం ఆటో లెవలింగ్ తప్పనిసరి కాదు, కాబట్టి అక్కడి నుంచి వచ్చిన బళ్లలో అది ఉండకపోవచ్చు.

ఆటో లెవలింగ్ పని చేస్తోందో లేదో చూడటం తేలిక. గోడ ముందు బండి ఆన్ చేసి లైటు వేయండి, చాలా బళ్లలో కటాఫ్ ఒకసారి కిందకీ పైకీ కదిలి ఆగుతుంది. తర్వాత ఇద్దరు ముగ్గుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టండి, కొన్ని సెకన్లలో అంచు మళ్లీ పాత చోటికి రావాలి. రాకపోతే సస్పెన్షన్ దగ్గరుండే సెన్సర్ లింకు విరిగి ఉండొచ్చు, రాళ్లూ బురదా తగిలి పోయే సన్నటి కడ్డీ అది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసినా స్ప్రింగులు మార్చినా స్కాన్ టూల్‌తో (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) సెన్సర్‌ని కొత్తగా క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే సరిచేయించాలి, ఈ ముక్క సర్వీసు సెంటర్‌లో మీరే అడగండి, చాలాసార్లు వాళ్లు వదిలేస్తారు. మాన్యువల్ చక్రం ఉన్నవాళ్లు లోడ్ పెరిగినప్పుడు 1, 2, 3 అంటూ పెంచాలి, నంబరు పెరిగితే లైటు దిగుతుంది.

లెన్స్ పసుపెక్కినా మట్టి పట్టినా వెలుగు చెదురుతుంది, పాలిష్ చేయించి యూవీ కోటింగ్ వేయించండి. ఫాగ్ లైట్లు మంచు లేనప్పుడు ఆపేయండి.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముందు చిన్న కారుంటే కాస్త వెనక్కి ఆగండి. లైటు మీటరు ఎత్తులో 1.5 శాతం వాలుతో ఉంటే 5 మీటర్ల దగ్గర వెలుగు అంచు 92 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, వాళ్ల సైడ్ మిర్రర్లకి అటూ ఇటూగా అన్నమాట, అదే 10 మీటర్లు వదిలితే 85కి దిగుతుంది.

అంతా అయ్యాక ఒక్క పరీక్ష మిగిలింది. సమతలంగా ఉన్న ఖాళీ రోడ్డు చూసుకుని, తెలిసినవాళ్ల చిన్న కారుని మీ ఎదురుగా 50 మీటర్ల దూరంలో, ఎదురొచ్చే బండి ఉండే వరుసలో పెట్టించి, మీరే వెళ్లి ఆ సీట్లో కూర్చోండి. లైటు వెలుగుతోందని తెలియాలి గానీ చూడలేనంత ఉండకూడదు, ప్రొజెక్టర్ అంచున నీలం ఛాయ తళుక్కుమంటుంటే మీ కళ్లు సరిగ్గా కటాఫ్ మీదున్నట్టు, స్క్రూ ఇంకో పావు చుట్టు తిప్పి లైటు దించి మళ్లీ వచ్చి కూర్చోండి.