ఉపగ్రహ చిత్రం చదవడం – మూడో పాఠం: ఎర్రగా కనిపిస్తే పచ్చగా ఉన్నట్టు

పోయిన పాఠంలో ఉపగ్రహ చిత్రాలు చూపించే వెబ్‌సైట్ కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి, మీ ఊరు వెతుక్కుని, ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మని మామూలు రంగుల్లో చూశారు కదా. చాలామందికి నిరాశగానే అనిపించి ఉంటుంది, ఎందుకంటే ఫోన్ మ్యాప్‌లో మన ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకు కూడా కనిపిస్తుంది, ఇందులో ఊరు ఊరంతా బూడిదరంగు మరకలా ఉంటుంది. ఇల్లు, వీధి చూడాలంటే ఫోన్ మ్యాపే నయం. కానీ అందులో బొమ్మ ఏ ఏడాదిదో కూడా చాలాసార్లు తెలీదు. సెంటినెల్-2 అయిదు రోజులకోసారి మీ పొలం మీదుగా వెళ్తుంది, అదీ వెళ్లిన ప్రతిసారీ ఉదయం దాదాపు పదిన్నరకే, పైగా మన కంటికి ఆనని వెలుగును కూడా కొలిచి తెస్తుంది. ఈ పాఠమంతా ఆ కంటికి ఆనని వెలుగు గురించే.

ముందు కొలత సరిచూసుకుందాం. ఇందులో ఒక పిక్సెల్, అంటే బొమ్మలోని ఒక చుక్క, నేల మీద 10 మీటర్లు బై 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. మన లెక్కలో రెండున్నర సెంట్లు. ఎకరంలో దాదాపు 40 పిక్సెళ్లు పడతాయి. అదే అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మ అయితే 30 మీటర్ల పిక్సెల్ కాబట్టి ఎకరానికి నాలుగైదు మాత్రమే. అరెకరం మడి గురించి లాండ్‌శాట్‌ని అడిగితే పక్క మడినీ గట్టునీ కలిపేసి చెబుతుంది. చిన్న కమతాలున్న మన దగ్గర ఈ తేడా చాలా పెద్దది.

సెంటినెల్-2లో 13 బ్యాండ్లున్నాయి, అంటే వెలుగుని 13 రకాలుగా విడగొట్టి కొలుస్తుంది. మనకు ఇవాళ నాలుగు చాలు. బి2 నీలం, బి3 ఆకుపచ్చ, బి4 ఎరుపు, బి8 సమీప పరారుణం (నియర్ ఇన్‌ఫ్రారెడ్), ఇందాక చెప్పిన కంటికి ఆనని వెలుగు ఇదే. ఈ బి8 దగ్గరే అసలు కథ. ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగునీ నీలం వెలుగునీ పీల్చేసుకుంటుంది, ఆకుపచ్చని కొంచెం వదిలేస్తుంది, అందుకే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. సమీప పరారుణ వెలుగుని మాత్రం ఆకు లోపలి కణాల అమరిక పెద్ద ఎత్తున వెనక్కి తిప్పికొడుతుంది. మన కళ్లకే గనక అది కనిపిస్తే, ఆకుపచ్చ పక్కకి పోయి పొలాలు కళ్లు చెదిరేలా మెరిసేవి. నీళ్లు దానికి పూర్తిగా వ్యతిరేకం, పరారుణాన్ని దాదాపు మొత్తం మింగేస్తాయి.

ఇప్పుడు బ్రౌజర్లో ఎడమవైపు ‘ఫాల్స్ కలర్’ నొక్కండి. జరిగేదేంటంటే, బి8 కొలతను తెరమీద ఎరుపుగా, బి4ని ఆకుపచ్చగా, బి3ని నీలంగా చూపిస్తుంది. అంటే పచ్చని చేను ఎర్రగా, నీళ్లు నల్లగా, ఎండిన దుక్కి బూడిద-నీలం రంగులో కనిపిస్తాయి. మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాల బొమ్మలు పాత రిపోర్టుల్లో అంత ఎర్రెర్రగా ఉండేది ఇందుకే, అవీ ఇదే పద్ధతిలో వేసినవి. కళ్లు అలవాటుపడటానికి కొంత టైమ్ పడుతుంది, కంగారు పడకండి.

ఇక అభ్యాసం. అమలాపురం అని వెతకండి. కోనసీమ ఎందుకంటే కొబ్బరి తోట, వరి చేను, చేపల చెరువు మూడూ పక్కపక్కనే దొరుకుతాయి. మార్చి మొదటి వారంలో మబ్బులేని తేదీ ఒకటి ఎంచుకోండి. దాళ్వా (రబీ) వరి ఏపుగా ఉండే రోజులు కాబట్టి కొబ్బరీ ఎరుపే, వరీ ఎరుపే. ఛాయలో కొంచెం తేడా ఉంటుంది కానీ కొత్తవాళ్లు దాన్నిబట్టి తేల్చేద్దామనుకుంటే దెబ్బతింటారు. ఒక్క బొమ్మ చూసి ‘ఇది ఫలానా పంట’ అనేవాళ్లని నేను నమ్మను, వాళ్లది ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా సరే.

అదే చోట జనవరి మొదట్లో తేదీ ఒకటి, మే నెల మధ్యలో ఒకటి తీయండి. ఊడ్పులప్పుడు మడుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, మొక్క ఇంకా పిలక వెయ్యలేదు, అందుకని వరి చేను జనవరిలో చెరువులాగే నల్లగా కనిపిస్తుంది. మార్చిలో ఎర్రబడుతుంది. మే వచ్చేసరికి కోతలైపోయి, కాలవలు కట్టేసి ఉంటారు, చేను బూడిదరంగుకి తిరుగుతుంది. కొబ్బరి తోట మాత్రం మూడు నెలల్లోనూ ఎర్రగానే ఉంటుంది, చెరువు మూడింటిలోనూ నల్లగానే ఉంటుంది. మేలో కొన్ని చెరువులు ఎండగట్టి ఉండొచ్చు, వాటి నలుచదరపు గట్లని చూసి పోల్చుకోవాలి. ఒక తేదీలో కలిసిపోయినవి ఇంకో తేదీలో విడిపోతాయి. ఇది చేతికొస్తే సగం విద్య వచ్చినట్టే.

మరి ఎరుపులో ఎంత ఎరుపు అని అంకెల్లో చెప్పడానికి ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక వాడతారు. సూత్రం చిన్నదే: బి8 లోంచి బి4 తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకి మీద పడ్డ మొత్తం వెలుగు 1 అనుకుంటే, ఏపుగా ఉన్న చేను పరారుణాన్ని 0.45, ఎరుపుని 0.05 తిప్పికొట్టిందనుకోండి. 0.40ని 0.50తో భాగిస్తే 0.80. వట్టి దుక్కిలో 0.25, 0.20 వస్తే 0.11. నీళ్లలో 0.02, 0.04 వస్తే మైనస్ 0.33. జవాబు ఎప్పుడూ మైనస్ 1కీ 1కీ మధ్యలోనే ఉంటుంది.

తీసివేత సరిపోదా, మళ్లీ భాగహారం దేనికి అంటారా? పలచటి నీడ పడి అదే చేనుకి వెలుగు సగానికి తగ్గిందనుకుందాం. 0.45 కాస్తా 0.225, 0.05 కాస్తా 0.025 అవుతాయి. తీసివేత ఒక్కటే చేస్తే 0.40 ఉన్నది 0.20కి పడిపోయి, పంట దెబ్బతిందని కంగారు పడతాం. భాగించి చూస్తే మళ్లీ 0.80 దగ్గరే ఉంటుంది. కాగితం మీద ఒకసారి చేసి చూడండి. 1970ల మొదట్లో తొలి లాండ్‌శాట్ బొమ్మలతో అమెరికా మైదానాల గడ్డి భూముల్ని కొలవబోయినవాళ్లు, చోటు మారేకొద్దీ ఎండ వాలు మారి లెక్క తేడా వస్తోందనే ఈ భాగహారాన్ని పట్టుకున్నారు.

అయితే ఎన్‌డీవీఐకి కలుపు మొక్కకీ వరి మొక్కకీ తేడా తెలీదు. తుంగ బాగా పెరిగినా 0.7 చూపిస్తుంది. చేను బాగా గుబురయ్యాక అంకె 0.8 దాటి పెద్దగా పెరగదు, అక్కడి నుంచి మంచి పంట, ఇంకా మంచి పంట అన్న తేడా దాంట్లో దొరకదు. యాప్‌లో మీ పొలానికి అంకె బాగా చూపించిందని గట్టు మీదికి వెళ్లడం మానెయ్యకండి. మబ్బు నీడతోనూ జాగ్రత్త, ఫాల్స్ కలర్‌లో అది అచ్చం చెరువులా నల్లగా ఉంటుంది. పక్కనే, దాదాపు అదే ఆకారంలో తెల్లటి మబ్బు ఉందేమో వెతికితే దొరికిపోతుంది.

సార్వా (ఖరీఫ్) సంగతేంటని అడుగుతారని తెలుసు. జులై, ఆగస్టుల్లో ఈ బొమ్మలు తెరిస్తే మబ్బులు తప్ప ఏమీ కనిపించని రోజులే ఎక్కువ. దానికి మబ్బుల్లోంచి దూసుకుపోయే రాడార్ కావాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహంలో నాసా ఎల్-బ్యాండ్ రాడార్, ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్ రెండూ ఉన్నాయి, 12 రోజులకోసారి అదే దారిలో తిరిగొస్తుంది. రాడార్ బొమ్మలో రంగు అనేదే ఉండదు, నేల గరుకుదనం, తడి తెలుస్తాయి, కాబట్టి చదివే పద్ధతే వేరు. అది నాలుగో పాఠం. ఈలోగా మీ మండలానికి జనవరి, మార్చి, మే బొమ్మలు మూడూ సేవ్ చేసి, కనీసం అయిదు పొలాల్లో ఏముందో అక్కడి రైతుని అడిగి రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో రాడార్ బొమ్మని సరిచూసుకోవడానికి అవే కావాలి.