లొరోపెటాలంకి ఏదో అయిందా? ముందు ఏ ఆకుకి అయిందో చూడండి

అట్లాంటా చుట్టుపక్కల మన వాళ్ల ఇళ్ల ముందు, కిటికీల కింద వంకాయ రంగు ఆకులతో గుబురుగా ఓ పొద కనిపిస్తే అది చాలావరకు లొరోపెటాలమే. చైనా నుంచి వచ్చిన మొక్క. అసలు రకానికి ఆకు పచ్చగా, పువ్వు తెల్లగా ఉంటుంది. మనం పెట్టుకునేది హునాన్ ప్రాంతంలో దొరికిన ఎర్రాకు రకం. చలి తగ్గుముఖం పట్టగానే, ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, గులాబీ రంగు కాగితాన్ని కత్తెరతో సన్నగా చీల్చి గుత్తులు కట్టినట్టు పూస్తుంది.

మొండి మొక్కే. కానీ కాస్త వాడినట్టు కనిపిస్తే చాలు, మనం ఎరువు డబ్బా తీస్తాం. పిల్లాడు డల్‌గా ఉన్నాడని ఇంకో ముద్ద కుక్కినట్టు. దీని జబ్బుల్లో ఎక్కువ భాగం ఆకలి వల్ల వచ్చేవి కావు. డబ్బా పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి: పాడైంది కొత్త చిగురా, పాత ఆకా? మొక్క అంతటా ఉందా, ఒక్క కొమ్మకేనా? వేళ్ల దగ్గర మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా?

ముదురు రంగు పోయి ఆకులు ఆకుపచ్చగా మారుతున్నాయి

మొక్క అంతా ఆకుపచ్చగా మారితే ఎండ చాలడం లేదని అర్థం. రోజుకి కనీసం ఐదారు గంటల నేరు ఎండ తగలాలి. ఉత్తరం వైపు గోడ కింద పెట్టి, ఎరుపు రావడం లేదని బాధపడితే లాభం లేదు. చలికాలంలో, మొక్క నిద్రలో ఉన్నప్పుడు, ఎండ ఉన్న చోటికి మార్చండి. నత్రజని ఎక్కువున్న ఎరువు పడినా ఇంతే. పక్కనున్న లాన్‌కి వేసిన ఎరువు వాన నీళ్లతో దీని వేళ్లకీ చేరుతుంది, అది మనకి తట్టదు.

జులై, ఆగస్టు ఎండలకి పాత ఆకులు మాత్రమే కాస్త పచ్చగా, కంచు రంగులోకి తిరిగితే అది దాని స్వభావం. వదిలెయ్యండి.

ఒకే కొమ్మ పచ్చగా, మిగతావాటికన్నా జోరుగా పైకి లేస్తుంటే మాత్రం వదలకూడదు. ఆ కొమ్మ తన పాత పచ్చాకు రకానికి తిరిగిపోయింది. దానికి బలం ఎక్కువ, ఉంచితే మిగతా పొదని మింగేస్తుంది. పైపైన కత్తిరిస్తే సరిపోదు, ఎక్కణ్ణుంచి పుట్టిందో అక్కడికి, మొదలుకంటా కోసెయ్యాలి.

ఆకులు బాగానే ఉన్నాయి, పువ్వే లేదు

కత్తెర ఎప్పుడు పెట్టారో గుర్తు చేసుకోండి. ఈ మొక్క వచ్చే వసంతానికి కావాల్సిన మొగ్గలని వేసవి చివర్లోనే సిద్ధం చేసుకుంటుంది. మన హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చేది, లాన్ కుర్రాళ్లు మిషన్‌తో వచ్చి పొదలని బంతుల్లా గుండ్రంగా చెక్కేదీ సరిగ్గా అక్టోబరులోనే. మొగ్గలన్నీ చెత్త సంచిలోకి పోతాయి.

పువ్వులు రాలిన రెండు మూడు వారాల్లోపు కత్తిరింపు పూర్తి చేసెయ్యండి. ఆ తర్వాత మళ్లీ పూసేదాకా ముట్టుకోవద్దు. లాన్ వాళ్లకి నోటితో చెబితే గుర్తుండదు. నేను కొమ్మకి ఎర్ర రిబ్బను కడతాను, అదే గుర్తు.

మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోతోంది

వాడింది కదా అని ఇంకా నీళ్లు పోస్తే చంపినట్టే. వేళ్లు కుళ్లుతున్నాయి. జార్జియా ఎర్ర బంకమట్టిలో గొయ్యి తీసి, అందులో సంచీ మట్టి నింపి మొక్క పెట్టడమంటే కుండలో పెట్టినట్టే. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని వదలదు.

అనుమానంగా ఉంటే పక్కనే అడుగు లోతు గొయ్యి తీసి, నీళ్లు నింపి, ఇంకనిచ్చి, మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ అలాగే నిలబడి ఉంటే ఆ చోటు పనికిరాదు. మొక్కని పైకి తీసి, నల్లగా మెత్తబడ్డ వేళ్లు కోసేసి, మొదలు నేల మట్టం కన్నా రెండంగుళాలు ఎత్తులో ఉండేలా, వెడల్పాటి మట్టిదిబ్బ మీద నాటండి. గొయ్యి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. చెక్క పొట్టు కాండానికి ఆనించి గుట్టగా పోసే అలవాటు ఉంటే మానండి. కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ ఉండాలి.

చిగురాకులు చిన్నగా, మందంగా, ముడుచుకుని వస్తున్నాయి

ఇది నాకు బాగా తెలిసిన గొడవ, ఒక వేసవంతా తినేసింది. కింది ఆకులు ఎప్పట్లాగే అంగుళంన్నర పొడవున్నాయి. కొమ్మ చివర కొత్తగా వచ్చేవి మాత్రం మెంతాకంత. గిన్నెలా పైకి ముడుచుకుని, వేళ్లతో నలిపితే దళసరిగా తగిలేవి. కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం లేక ఆకులన్నీ కొమ్మ కొసన గుత్తిగా ఇరుక్కుని కూర్చున్నాయి.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. గుంటూరు వైపు మిరప వేసిన చెయ్యి ఆయనది. చూడగానే తేల్చేశాడు: "ఆకుముడత రా. నల్లో, తామర పురుగో పట్టుంటుంది. మందు కొట్టు."

మిరపకైతే ఆయన మాట నిజమే. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెండు సార్లు కొట్టాను. భూతద్దం పెట్టి ఆకు వెనక వెతికాను, ఏ పురుగూ లేదు. ముడత మాత్రం అలాగే ఉంది. తర్వాత చదివితే తెలిసింది, ఇక్కడి నర్సరీల్లోనూ మొదట నల్లినే అనుమానించారట. చివరికి అది రాగి లోపమని తేలింది. లొరోపెటాలంకి ఇది తరచూ వచ్చేదే.

మట్టిలో రాగి అసలే లేకపోనక్కర్లేదు, ఉన్నా మొక్కకి అందకపోవచ్చు. భాస్వరం మరీ ఎక్కువైతే అలా జరుగుతుంది, మట్టి క్షారం వైపు మొగ్గినా అంతే. పూలు బాగా పూస్తాయని నేను రెండేళ్లు వేసింది భాస్వరం ఎక్కువున్న ఎరువే!

పరిష్కారం ఖరీదైనదేం కాదు. గార్డెన్ షాపులో తెగుళ్ల మందుగా అమ్మే కాపర్ మందు కొనండి. డబ్బా మీద రాసినంతే కలిపి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆకులు తడిసేలా కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. ఎక్కువ వేస్తే త్వరగా కుదురుతుందన్న ఆశ వద్దు, రాగి మోతాదు మించితే అదే విషం. ముడుచుకున్న ఆకులు విచ్చుకోవు, వాటి గురించి టెన్షన్ పడకండి. ఆ తర్వాత వచ్చే చిగురే మీకు జవాబు. పూల ఎరువు ఆపెయ్యండి. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (సాగు, తోటపని సలహాలిచ్చే ఆఫీసు) మట్టి పరీక్ష చేయించేటప్పుడు రాగి కూడా చూడమని విడిగా అడగండి.

కొత్త చిగురు సాఫీగా వచ్చాక నాన్నకి మళ్లీ చూపించాను. "మైలుతుత్తం కొడితే తెగులు పోతుందని తెలుసు గానీ, మొక్క దాన్ని తింటుందని ఇప్పుడే వింటున్నా" అన్నాడు. మైలుతుత్తమంటే రాగి మందే మరి.

చిగురాకు పాలిపోయింది, ఈనెలు మాత్రం ముదురుగా ఉన్నాయి

ఇది ఇనుము అందకపోవడం. ఇంటి పునాది సిమెంటుకి దగ్గరగా ఉన్న మొక్కల్లో ఎక్కువగా చూస్తాం, సిమెంటులోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది. ఈ మొక్కకి కొద్దిగా ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. మట్టి పరీక్షలో పీహెచ్ ఎక్కువని తేలితేనే గంధకం వెయ్యండి. డాలస్ వైపు ఉన్నవాళ్లకి అక్కడి సున్నపు నేలలో ఇది తప్పని తలనొప్పి. వాళ్లు పెద్ద కుండీలో పెంచుకోవడం మేలు.

కొమ్మల మీద నల్లటి గడ్డలు

పులిపిర్లలా గరుకుగా ఉంటాయి. గడ్డకి పైనున్న కొమ్మ ఎండిపోతుంది. ఇది బాక్టీరియా పని, మందు లేదు. గడ్డకి ఆరంగుళాలు కింద, మంచి కొమ్మ దగ్గర కోసెయ్యాలి. ప్రతి కోతకీ కత్తెరని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి, లేకపోతే తెగులుని మీరే మిగతా కొమ్మలకి అంటిస్తారు. కోసిన ముక్కలు కంపోస్టులో కాదు, చెత్తబుట్టలో పడాలి. వాన రోజున ఈ పని పెట్టుకోకండి. గడ్డలు మొదలు దాకా పాకి ఉంటే మొక్కని పీకెయ్యడమే, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

చలికి ఆకులన్నీ రాలిపోయాయి

2022 క్రిస్మస్ చలికి ఇక్కడ ఎంతోమంది పొదలు మోళ్లయ్యాయి. చనిపోయిందని జనవరిలోనే తీర్మానించకండి. గోటితో బెరడు కాస్త గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఏప్రిల్ చివరిదాకా ఆగి, చిగురు రాని కొమ్మలు మాత్రమే తియ్యండి.

చిన్న మొక్కని కొన్నాం, కిటికీ మూసేసింది

ఇది జబ్బు కాదు, చీటీ చదవకపోవడం. నర్సరీ కుండీలో అన్నీ ఒకే ఎత్తులో ముద్దుగా ఉంటాయి. పర్పుల్ పిక్సీ అనే రకం అడుగు, రెండు అడుగుల ఎత్తు దాటదు, పక్కలకి నాలుగైదు అడుగులు పాకుతుంది. క్రిమ్సన్ ఫైర్ రెండు మూడు అడుగులు. జుజౌ ఫ్యూషా అయితే పదడుగులు దాటి చెట్టవుతుంది. పొరపాటున పెద్దది నాటి ఉంటే, పూత అయిపోగానే సగానికి కోసినా తట్టుకుంటుంది, కానీ ప్రతి ఏడూ ఆ యుద్ధం తప్పదు. కింది కొమ్మలు తీసేసి చిన్న చెట్టులా మలచడం ఒక దారి.

మేము మొదట కొన్నది జుజౌనే, వంటింటి కిటికీ కింద పెట్టాం. మూడో ఏడు చలికాలంలో ఇద్దరం కలిసి తవ్వి వెనక కంచె పక్కకి మార్చాం. ఇప్పుడది కంచె దాటి అటు వంగి పూస్తుంది. మార్చిలో రాలిన గులాబీ దారాలన్నీ పక్కింటివాళ్ల డెక్ మీదే.