రెండర్ నడుస్తుండగా పాస్‌పోర్టు ఫొటో ఆగకూడదంటే

విజయనగరం గంటస్తంభం దగ్గర మా స్టూడియోలో ఉన్నది ఒకటే కంప్యూటర్, నాలుగు కోర్లది, అంటే ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు నాలుగు. సిరిమానోత్సవం రోజుల్లో ఓ పక్క వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైలుగా తయారుచేయడం), ఇంకో పక్క పాస్‌పోర్టు ఫొటోకి నిలబడ్డ జనం. రెండర్ కోర్లన్నీ లాగేసుకుంటే ఫొటోషాప్‌లో బ్రష్ కదలదు.

దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్‌లో రెండర్ ప్రోగ్రాము మీద రైట్ క్లిక్ కొట్టి, సెట్ ప్రయారిటీలో బిలో నార్మల్ పెట్టండి. అంటే మిగతావాళ్లకి పని పడినప్పుడు అది పక్కకి తప్పుకుంటుంది, ఎవరికీ అక్కర్లేకపోతే మొత్తం వాడుకుంటుంది. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. ఫొటోషాప్‌ని హైకి ఎక్కించేవాళ్లున్నారు, నాకు నచ్చదు. రియల్‌టైమ్ జోలికైతే అస్సలు పోవద్దు బాబూ, మౌస్ కూడా మాట వినకపోవచ్చు.

అప్పటికీ నత్తనడకే అయితే అక్కడే సెట్ ఎఫినిటీ తీయండి, ప్రోగ్రాము ఏ కోర్లు వాడాలో చెప్పేది అదే. మా దాంట్లో 0 నుంచి 7 దాకా ఎనిమిది గడులు కనబడతాయి, కోరుకి రెండు చొప్పున. 0, 1 రెండిటికీ టిక్కు తీసేస్తే ఒక కోరు జోలికి రెండర్ రాదు. కాకపోతే ఆ కోరు ఖాళీగా కూర్చున్నా వాడుకోలేదు, రెండర్ ఆలస్యమవుతుంది.

ప్రోగ్రాము మూసి తెరిస్తే ఇవన్నీ పోతాయి, మళ్లీ పెట్టుకోవాలి. ర్యామ్ (మెమరీ) వాటా మాత్రం ఇక్కడ పంచలేం, అది చాలకపోతే బ్రౌజర్ మూసేయడమే.