కౌలు కార్డు దరఖాస్తు: పొలం యజమాని సంతకం దగ్గర ఆగిపోకండి

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పేరు పంట సాగుదారు హక్కు పత్రం. ఊళ్లో సీసీఆర్సీ అనో, కౌలు కార్డు అనో అంటారు. ఎకరా, రెండెకరాలు కౌలుకు చేసి, తిండిగింజలు పోను మిగిలింది అమ్ముకునే కుటుంబానికి ఇది చాలా అవసరం. కార్డుంటే బ్యాంకులో పంట రుణం అడగొచ్చు, ధాన్యం తన పేరుతోనే అమ్ముకోవచ్చు, తుపానుకు చేను పడిపోతే పరిహారానికి తనే హక్కుదారు. లేకపోతే అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర, పరిహారం పొలం యజమాని ఖాతాలో. ఈ కార్డుకు రుసుము లేదు. "నేను చేయిస్తాను, ఖర్చులకివ్వు" అన్నవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

పని మామూలుదే. గ్రామ సచివాలయంలో గానీ రైతు సేవా కేంద్రంలో గానీ ఫారం తీసుకోండి. మీదీ, పొలం యజమానిదీ ఆధార్ నకళ్లు, పొలం పాసుపుస్తకం లేదా 1బీ (భూమి ఎవరి పేరున ఎంత ఉందో చూపే రెవెన్యూ రికార్డు) నకలు, మీ ఫొటో జత చేయండి. ఒప్పంద పత్రం మీద యజమాని, మీరు సంతకాలు పెట్టాక వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) ధ్రువీకరిస్తారు. సర్వే నంబరు మాత్రం 1బీలో ఎలా ఉంటే అలాగే రాయించండి. 112/3బి అని ఉన్నచోట 112 అని రాసి ఊరుకుంటే తర్వాత ఈ-పంటలో, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఎక్కించే నమోదులో, చిక్కొస్తుంది. నోటిమాటగా ఎకరా ముప్ఫై సెంట్లు అనుకున్న చేను 1బీలో ఎకరా ఇరవై ఏడే ఉండొచ్చు. కాగితం మీదున్నదే రాయండి.

ఎక్కువమంది ఆగిపోయేది యజమాని సంతకం దగ్గర. "కౌలు చేసుకో, కాదనను, కాగితం మాత్రం అడక్కు" అంటారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుదారును అంత తేలిగ్గా ఖాళీ చేయించనిచ్చేది కాదు. కాగితం రాస్తే పొలం పోతుందన్న మాట అప్పటినుంచీ ఇళ్లలో నాటుకుపోయింది. కౌలు రైతుల కోసం 2011లో వచ్చిన చట్టం కింద యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం మళ్లీ యజమాని సమ్మతి తప్పనిసరి చేసింది. దానికి బదులుగా ఆయనకు గట్టి రక్షణే ఇచ్చింది. ఒప్పందం గడువు 11 నెలలే, ఆ తర్వాత దానంతటదే చెల్లకుండా పోతుంది. కార్డు ఇచ్చేది పంట మీద హక్కే, భూమి మీద కాదు. యజమాని పాసుపుస్తకంలో ఏ మార్పూ జరగదు.

కాబట్టి వాదనకు దిగకండి. ఖాళీ ఫారం ముందే ఇంటికి తీసుకెళ్లి, "బాబుగారండీ, ఇది పదకొండు నెలలకేనండి, పట్టా మీదేనండి, ఒకసారి చదివి చూడండి" అని చేతికివ్వండి. అప్పటికీ జంకితే వీఆర్వో ఎదుట మాట్లాడించండి. తొలకరికి ముందే కదలాలి, నాట్లు పడ్డాక ఆయనకు తొందరుండదు.

యజమాని మనసులో ఇంకో లెక్క కూడా ఉండొచ్చు. అదే పొలం మీద ఆయన ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మీకు రెండో రుణం ఇవ్వడానికి ఒప్పుకోకపోవచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. రుణం దారి మూసుకుపోయినా కార్డు వదులుకోకండి, మిగతా వాటికి అదే ఆధారం. రుణానికైతే నాలుగు నుంచి పది మంది కౌలు రైతులు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపు కట్టి బ్యాంకుకు వెళ్లొచ్చు. దానికి భూమి తాకట్టు అడగరు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది, అందుకని నమ్మకమున్నవాళ్లతోనే కలవండి.

యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఎవరి సంతకం చెల్లుతుందో వీఆర్వోనే అడగండి. "ఆయన సంతకం నువ్వే గీకెయ్" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వినకండి. అది ఫోర్జరీ కేసు, రేపు ఇరుక్కునేది మీరే. పొలం ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే, ముందు వారసుల పేరుకు మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) కావాలి. మీరు కూడా ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. పరిహారం వస్తే తనకు తిరిగిచ్చేస్తానని యజమాని మీచేత విడిగా రాయించుకోబోతే ఒప్పుకోకండి.

కార్డు చేతికొచ్చాక ఇంకో పని మిగిలి ఉంటుంది, అదే ఈ-పంట. వ్యవసాయ సహాయకులు చేనుకొచ్చి నమోదు చేసేటప్పుడు మీరు దగ్గరుండి, సాగుదారుగా మీ పేరు, కార్డు నంబరు ఎక్కించారో లేదో చూసుకోండి. వేలిముద్రతో ఈకేవైసీ పూర్తి చేయండి. తర్వాత రైతు సేవా కేంద్రంలో జాబితా పెడతారు. అందులో మీ పేరుకు బదులు యజమాని పేరుంటే అభ్యంతరాల గడువులోనే చెప్పండి. గడువు దాటితే దిద్దడం కష్టం.

యజమాని ఒప్పుకున్నా కార్యాలయంలో తిప్పుతుంటే కారణం రాతపూర్వకంగా అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాకే బయటికి రండి.