డ్వార్ఫ్‌ల డెక్ ఇలా కట్టండి

హనుమకొండలో మా అక్క, నేను ఆదివారాలు ఆడేది 2011లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కార్డుల ఆట. ఇందులో ఒకరినొకరు ఓడించుకోవడం ఉండదు, కలిసి గండం గట్టెక్కాలి. ఒకే జాతితో డెక్ (ఆటకు మనం ఎంచుకునే కార్డుల కట్ట) కట్టాలనుకునేవారు డ్వార్ఫ్‌లతో, అంటే కథలోని మరుగుజ్జు వీరులతో మొదలుపెట్టండి.

హీరోలుగా, అంటే ఆట మొదటి నుంచే బల్లమీద ఉండే పాత్రలుగా, డైన్, థోరిన్, ఓరి అనే ముగ్గురు డ్వార్ఫ్‌లను తీసుకోండి. ఐదుగురు డ్వార్ఫ్‌లు చేరాక థోరిన్ ప్రతి రౌండులో ఒక వనరు (కార్డులు దింపడానికి ఖర్చుపెట్టేది), ఓరి ఒక కార్డు అదనంగా ఇస్తారు. అంటే ఇంకో ఇద్దరు త్వరగా కావాలి. ఫిలి అనే డ్వార్ఫ్‌ను చేతిలోంచి దింపితే డెక్‌లో ఉన్న కిలి అనే డ్వార్ఫ్ కూడా వెంట వస్తాడు. అందుకే ఫిలివి మూడు ప్రతులూ పెట్టండి. 50 కార్డుల్లో మొదటి ఆరింటిలో అతడు వచ్చే అవకాశం సుమారు 32 శాతం. రాకపోతే ఆరూ ఒకసారి మార్చుకోవచ్చు, మొహమాటపడకండి. అప్పుడది 54 శాతం అవుతుంది.

ఇక డైన్. అతని కార్డు అడ్డంగా తిప్పనంతవరకే (తిప్పడమంటే ఆ పాత్రను ఏదో పనికి వాడేసినట్టు) ప్రతి డ్వార్ఫ్‌కూ దాడిలో ఒకటి, సంకల్పంలో (అన్వేషణలో ముందుకు సాగే బలంలో) ఒకటి పెరుగుతాయి. పక్క ఆటగాడి డ్వార్ఫ్‌లకూ అంతే! మొన్న సంక్రాంతికి శత్రువును అడ్డుకోవడానికి డైన్‌నే తిప్పాను. దాడికి సిద్ధంగా ఉన్న నలుగురి బలం ఒక్కసారిగా నాలుగు తగ్గింది, రెండు పాయింట్లతో ఆ శత్రువు, ట్రోల్ అనే రాక్షసి, బతికిపోయింది. అక్క ఏమీ అనలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధే. అడ్డుకోవడానికి చిన్న అనుచరుడిని (హీరో కాని పాత్రను) పంపండి, డైన్‌ను కదపకండి.

సకినాలు తిన్న చేతులతో ఆడేవారు కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. నూనె మరక పోదు.